మొక్కజొన్న రంగు కారుతో ఆయోవా దాకా

మేముండే అల్ఫారెట్టా నుంచి ఆయోవాకి విమానంలో అయితే పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనం వేళకి దిగిపోవచ్చు. మాకు నాలుగు రోజులు పట్టింది. మా పికప్ ట్రక్కు వెనక ట్రెయిలర్‌లో ఒక కారు ఉంది. ఆ కారుకి ఒక సీటు ఇంకా తయారు కాలేదు. ఆ సీటు కుట్టాల్సినదాన్ని నేను.

ఆ కారు, మార్జీ, నేను

కారు పేరు హార్వెస్ట్ స్పెషల్. అరవై తొమ్మిది మోడల్. ఇక్కడి వాళ్లు ఇలాంటివాటిని మజిల్ కార్లంటారు. రెండు తలుపుల మామూలు కారు ఒంట్లో అవసరానికి మించిన పెద్ద ఇంజను పెట్టి, కుర్రకారు కోసం అమ్మిన బళ్లన్నమాట. వాటిలోనూ ఇది అరుదైనది. ఆయోవాలో కొందరు డీలర్లు కలిసి, కోతల డబ్బు రైతుల చేతికొచ్చే వేళకి అమ్ముదామని ప్రత్యేకంగా తెప్పించుకున్న బండి. ఆ ఒక్క సంవత్సరం, ఆ ఒక్క రాష్ట్రంలోనే అమ్మారు. ఒంటికి మొక్కజొన్న గింజ రంగు, ముందు మూతకి నలుపు. సీట్లు మాత్రం ఫ్యాక్టరీవి కావు. వాటిని మొదట అమ్మిన ఊళ్లోనే ఒక చిన్న కుట్టుపని షాపులో నల్ల రెగ్జిన్‌కి మధ్యలో పసుపు నలుపు గళ్ల గుడ్డ పట్టీలు వేసి కుట్టించారు. ఎన్ని కార్లు చేశారో, ఎన్ని మిగిలాయో ఎవరి లెక్క వాళ్లది.

కారు మార్జీది. ఆమెకి డెబ్బై అయిదేళ్లు. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. మా అబ్బాయి ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నన్నాళ్లూ ఆమె బస్సే. ఆమె రిటైరైన రోజు నేను రెగ్జిన్‌తో ఒక కుషన్ కుట్టి ఇచ్చాను. అందరూ ఇచ్చిన కార్డులు చదివి కళ్లు తుడుచుకున్న మనిషి, నా కుషన్‌ని మాత్రం తిరగేసి అంచు పైపింగ్ వేలితో తడిమి, "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకి సీట్ల షాపు ఉండేది. లారీలు, ఆటోలు, అప్పుడప్పుడు ఎవరిదో జీపు. డిగ్రీ చదివే రోజుల్లో కూడా సెలవొస్తే మిషన్ మీద కూర్చునేదాన్ని. పెళ్లయ్యాక ప్రసాద్ వీసా మీద ఇక్కడికొచ్చాను. చాలా ఏళ్లు పని చేసే పర్మిట్ లేదు. అది వచ్చాక అందరూ టెస్టింగ్ నేర్చుకో, డేటా నేర్చుకో అన్నారు. నేర్చుకున్నాను కూడా. ఇంటర్వ్యూలు రెండు దాటాక మూడోదాంట్లో ఆగిపోయేది. ఆ మధ్యలో పాత మిషన్ ఒకటి కొని గరాజ్‌లో పెట్టుకుని, పక్కింటివాళ్ల డైనింగ్ కుర్చీలు, ఎవరిదో పడవ సీటు కుట్టేదాన్ని. ఎవరైనా ఏం చేస్తున్నారు అంటే, "ప్రస్తుతానికి ఇంట్లోనే" అనేదాన్ని.

మార్జీ తన షెడ్డు తలుపు తీసి కారు చూపించింది. పెయింటు అసలుదే, ఇంజను అసలుదే. సీట్లు మాత్రం ఎలుకలు తినేశాయి. మిగిలిన పీలికల్ని బట్టి, ఆమె దగ్గరున్న నాలుగు పాత ఫొటోల్ని బట్టి కుట్టాలి. ఆటోనగర్‌లో పని దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉండేది. అక్కడ ఆటో తెచ్చినవాడు, "కొత్తగా కనపడాలి, గులాబీ వెయ్యి, మా పాప పేరు వెయ్యి, కుచ్చులు కట్టు" అనేవాడు. ఇక్కడ మార్జీ, "ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి, వంకర ఉంటే వంకరతో సహా" అంది. డ్రైవరు సీటుకి పదకొండు పట్టీలు, పక్క సీటుకి పది. ఎందుకలా అని ఫొటోలు భూతద్దం పెట్టి మూడు వారాలు చూశాను. అర్థం కాలేదు. పదే వెయ్యాలనుకున్నాను.

సెప్టెంబరులో ఆ కార్లు మొదటిసారి అమ్మిన ఊళ్లోనే వాటి యజమానులంతా కలుస్తున్నారని మార్జీ చెప్పింది. అది మార్జీ పుట్టిన ఊరు కూడా. డ్రైవరు సీటు కుట్టడం అయింది. పక్క సీటుకి కావాల్సిన గళ్ల గుడ్డని విస్కాన్సిన్‌లో ఒకామె మగ్గం మీద నేసి ఇస్తోంది. అది ఆలస్యమైంది. ఇక ఇటు రప్పించే టైం లేక, ఇలినాయ్‌లో నేపర్‌విల్ అనే ఊళ్లో ఉన్న నా స్నేహితురాలు సుధ అడ్రసుకి పంపించమన్నాం. మార్జీ భర్త వేన్‌కి మోకాలి ఆపరేషనయింది, రాలేడు.

"నువ్వు రా. సీటు దారిలో కుట్టు. నేను బండి నడుపుతాను" అంది మార్జీ. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. చదివేవారి కోసం తెలుగులో రాస్తున్నాను.

ప్రసాద్, "అబ్బాయిని నేను చూసుకుంటాలే, వెళ్లిరా" అన్నాడు. నేను ఈ దేశం వచ్చి పదమూడేళ్లు. ప్రసాద్ లేకుండా ఊరు దాటడం అదే మొదలు.

టెనసీ కొండలు, రైలు పట్టాలు

నా కాళ్ల దగ్గర సంచిలో పులిహోర, చపాతీలు, ఆవకాయ సీసా. మార్జీ కాళ్ల దగ్గర థర్మాస్ నిండా బ్లాక్ కాఫీ. చట్టనూగా దాటాక కొండ ఎక్కుతుంటే ట్రక్కు ఆయాసపడింది. మార్జీ మాత్రం అరవైమంది పిల్లల్ని ఎక్కించుకున్నంత నిదానంగా నడిపింది. అద్దంలోకి చూసి, "వెనక నిశ్శబ్దంగా ఉందేమిటా అనిపిస్తోంది, ముప్ఫై ఏళ్ల అలవాటు" అని నవ్వింది.

భోజనానికి హైవే దిగి ఒక పల్లెదారిలో వెళ్తుంటే రైలు పట్టాలొచ్చాయి. గేటు తెరిచే ఉంది. మార్జీ పట్టాల ముందు బండి పూర్తిగా ఆపింది. కిటికీ అద్దం దించింది. రేడియో కట్టేసింది. తల బయటికి పెట్టి రెండువైపులా విని, అప్పుడు కదిలించింది. వెనకున్న కారువాడు హారన్ మోగించాడు. ఇక్కడ స్కూలు బస్సులు ప్రతి పట్టాల దగ్గరా అలా ఆగి వినాలి, అది రూలు.

"ఇది బస్సు కాదు కదా మార్జీ" అన్నాను.

"వెనక ఉన్నది నాకు పిల్లకంటే ఎక్కువ" అంది.

ఆ ఊళ్లో పార్కు బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. మార్జీ మొదటి ముద్దకే కరివేపాకు నమిలి మింగేసింది. తీసి పక్కన పెట్టాలని చెప్పేలోపు రెండోదీ మింగింది. "ఆకు బాగుంది" అంది. ఎండుమిరపకాయ దగ్గర మాత్రం ఆపాను.

తింటూ తింటూ కారు కొన్న కథ చెప్పింది. పంతొమ్మిదేళ్లప్పుడు మొక్కజొన్న గింజలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో రెండు వేసవులు పనిచేసి దాచిన డబ్బు పట్టుకుని ఒక్కతే షోరూంకి వెళ్లిందట. సేల్స్‌మన్ ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, "మీ నాన్నగారు బయట పార్క్ చేస్తున్నారా?" అని అడిగాడట. తన డబ్బుతో తనే కొంటున్నానని చెప్తే నవ్వాడు. కారు తోలుకుని వీధిలోకి వస్తే, పెట్రోలు బంకు ముందు కూర్చున్న మగవాళ్లు, నెలలో తిరిగి ఇచ్చేస్తుందని పందెం కాసుకున్నారట.

"ఒక్కడికి కూడా ఆ కారు లేదు. ఆ ఊళ్లో అందరికంటే వేగమైన బండి ఒక ఆడపిల్లది. అది వాళ్లకి మింగుడుపడలేదు" అంది.

ఆ రాత్రికి కెంటకీలో పడూకా అనే ఊళ్లో మోటల్‌లో దిగాం. మార్జీ గది కిటికీలోంచి ట్రెయిలర్ కనపడేలా అడిగి మరీ తీసుకుంది.

పందులు ఎన్ని?

మర్నాడు ఇలినాయ్‌లో అడుగుపెట్టాక పనిముట్ల పెట్టె సర్దుదామని తెరిచాను. సీటు తొడుగుని కింది ఇనప చట్రానికి బిగించడానికి చిన్న ఇనప రింగులుంటాయి. వాటిని నొక్కే ప్లయరు ప్రత్యేకంగా ఉంటుంది. అది అల్ఫారెట్టాలో గరాజ్ బల్ల మీదే ఉండిపోయింది. రింగులు కూడా.

చెప్పడానికి సిగ్గేసింది. పది మైళ్లు ఊరుకుని అప్పుడు చెప్పాను. మార్జీ తర్వాతి ఎగ్జిట్‌లో హైవే దిగిపోయింది. చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప ఏమీ లేదు. ఒక రైతుల సామాన్ల దుకాణం ముందు ఆపి, "అడుగు" అంది.

లోపల దాణా బస్తాల వాసన. తాళ్లు, బూట్లు, కోడిపిల్లల పెట్టెలు. కౌంటర్ దగ్గర సస్పెండర్లు వేసుకున్న పెద్దాయన ఉన్నాడు. నాకు ఆ రింగుల పేరు ఇంగ్లీషులో హాగ్ రింగ్స్ అని తెలుసు. ఎందుకా పేరొచ్చిందో ఎన్నడూ ఆలోచించలేదు. హాగ్ రింగ్స్, ప్లయరు కావాలన్నాను. ఆయన నన్ను, నా కుర్తాని ఒకసారి చూసి చాలా మర్యాదగా, "ఎన్ని పందులున్నాయమ్మా మీకు?" అని అడిగాడు.

నాకు అర్థం కాక, "రెండు సీట్లు" అన్నాను.

వెనక మార్జీ గోడకి చేరబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. హాగ్ అంటే పందే, పందులు నేలంతా తవ్వకుండా వాటి ముక్కుకి ఈ రింగులే బిగిస్తారట. సంగతి తెలిశాక ఆయన మాతో పాటు బయటికొచ్చాడు. మార్జీ ట్రెయిలర్ తలుపు తీసింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మా అన్న ఇలాంటిది కొనుక్కోవాలని చచ్చేదాకా అంటూనే ఉన్నాడు" అన్నాడు. చిన్న సైజు రింగులు ఏరి ఒక డబ్బా ఇచ్చాడు. ప్లయరు తుప్పుపట్టకుండా నూనె రాసి మరీ ఇచ్చాడు. నేను కొన్న వస్తువుల్లో ఇంత చవకైనదీ, ఇంత పనికొచ్చిందీ మరొకటి లేదు.

నేపర్‌విల్ గరాజ్

సుధ వాళ్ల వీధిలోకి ట్రెయిలర్ తిప్పడానికి పావుగంట పట్టింది. గుడ్డ ముందురోజే వచ్చేసింది. సుధది వరంగల్. అల్ఫారెట్టాలో మా పక్క అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్లున్నారు. ఇక్కడికి మారినా ఫోను మాత్రం ఆగలేదు.

కవర్ విప్పి చూసుకుంటే నా మొహం మాడిపోయింది. మొదటి సీటుకి వాడిన గుడ్డకంటే ఇది కళకళలాడిపోతోంది. పక్కపక్కన పెడితే ఒకటి పాతది, ఒకటి నిన్నటిది అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. నాలుగు చిన్న ముక్కలు కత్తిరించి పసుపునీళ్లలో, కాఫీలో, టీలో, ఉత్త వేడినీళ్లలో వేసి చూశాను. టీ డికాక్షన్‌లో ఆరు నిమిషాలకి రంగు దిగింది. సుధ పండగలకి బిర్యానీ వండే పెద్ద గిన్నె తీసిచ్చింది.

ఆఫీసు కాల్ ముగించుకుని వంటింట్లోకొచ్చిన రవి, సుధ భర్త, గిన్నెలోకి తొంగిచూశాడు. "ఇదేం కర్రీ?"

"కార్ సీట్. తింటవా?" అంది సుధ.

ఆ మర్నాడంతా వాళ్ల గరాజ్‌లో కుట్టాను. ట్రెయిలర్‌లోంచి మిషన్ దింపడానికి పక్కింటాయన కూడా చెయ్యేశాడు. మార్జీ కుర్చీ వేసుకుని కూర్చుని, నేను అడిగినప్పుడు అడిగిన వస్తువు ఇచ్చింది. అడగనప్పుడు నోరెత్తలేదు. చీకటి పడకముందే తొడుగు చట్రం మీద ఎక్కింది. పందుల రింగులు ఒక్కొక్కటీ టక్ టక్‌మని బిగుసుకున్నాయి.

సీటు అడుగున ఒక చిన్న గుడ్డ లేబుల్ కుట్టడం మిగిలింది. అది పాత సీటుకి ఉన్న అసలు లేబుల్. ఆ ఊరి కుట్టుపని షాపుది. ఎలుకలు దాన్ని వదిలేశాయి. "దాన్ని పారేయలేను. ఉన్నచోటే పెట్టు" అంది మార్జీ. కుట్టాను. అందులో తప్పేదైనా ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదు.

సుధ చుట్టూ తిరిగి చూసి నా భుజం మీద చరిచింది. "ఏమే ఉమా, గిదంతా నువ్వే కుట్టినవా? ఇన్నేండ్ల సంది ఒక్క ముక్క చెప్పలే!"

రవి కూడా మెచ్చుకున్నాడు. భోజనాల దగ్గర, "మంచి హాబీ ఉమగారూ. మైండ్ రిలాక్స్ అయితది. కానీ మార్కెట్ మళ్ల పికప్ అయితుంది గదా, క్లౌడ్ సర్టిఫికేషన్ ఒకటి కొట్టేయండి. నేను రెఫర్ చేస్త" అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకుని అన్నమాట కాదు. నేను మాత్రం పప్పన్నం తినకుండా కలుపుతూనే ఉండిపోయాను. మార్జీకి తెలుగు రాదు. అయినా నావైపు చూసి, "ఏమన్నాడు?" అని అడిగింది. "మంచి ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు" అన్నాను.

"నీకు ఉద్యోగం ఉందని చెప్పు" అంది మార్జీ. నేను అనువాదం చెయ్యలేదు.

మిసిసిపీ దాటాక

వంతెన మీద మార్జీ కొంచెం నిదానించింది. కింద నది గోధుమరంగులో వెడల్పుగా, తొందర లేకుండా పోతోంది. కృష్ణలాగే ఉందా అని చూశాను. బ్యారేజీ లేదు, మెట్లు లేవు, బట్టలుతికేవాళ్లు లేరు. నీళ్లు మాత్రం నీళ్లే.

డావెన్‌పోర్ట్ దాటిన గంటకి మార్జీ ఊరొచ్చింది. ఒకటే పెద్ద వీధి. షోరూం ఉన్నచోట ఇప్పుడు మందుల షాపుంది. పెట్రోలు బంకు లేనేలేదు. "వాళ్లలో ఒక్కడూ మిగల్లేదు" అంది మార్జీ, బాధగానో, అక్కసుతోనో నాకు తెలియలేదు.

ఊరి మైదానం

మర్నాడు ఉదయం ఊరి మైదానంలో మొక్కజొన్న రంగు కార్లన్నీ ఒక్కచోట చూశాను. తొమ్మిదొచ్చాయి. ఎండ ఇంకా ఏటవాలుగా ఉంది. నల్ల మూతల మీద మంచు చుక్కలు. చర్చి ఆడవాళ్లు ఒకపక్క బల్ల వేసి ఆపిల్ పై అనే తీపి పిండివంట, నిమ్మరసం అమ్ముతున్నారు. ఒక ముక్క మా ఊళ్లో కాఫీ ధరకే వచ్చింది, పైగా అరచేయంత ఉంది.

కార్లని రెండు వరసల్లో పెట్టారు. ఒకటి ముట్టుకోని కార్ల వరస. టైర్లు, బ్యాటరీ లాంటివి తప్ప ఏదీ మార్చనివి. పెద్ద బహుమతి ఆ వరసకే, అందులో మూడే ఉన్నాయి. రెండోది బాగు చేయించిన కార్ల వరస. వేన్ ఎప్పుడో వసంతకాలంలో, సీట్ల పని మొదలుకాకముందే ఫారం నింపి మొదటి వరసకి టిక్కు పెట్టాడు. అక్కడికెళ్లాక చెబుదాం అనుకున్నామని మార్జీ తర్వాత నాతో అంది. చెప్పలేదు. కారుని మొదటి వరసలో పెట్టమంటే పెట్టింది.

జడ్జి పొడుగాటి మనిషి. చేతిలో టార్చి, కర్రకి కట్టిన చిన్న అద్దం. ఇంజను చూశాడు, కింద పడుకుని చూశాడు. తర్వాత తలుపు తీసి సీట్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడ్డాను. అతను కుట్టు వెంట వేలు నడిపించాడు. పట్టీలు లెక్కపెట్టాడు. అద్దం సీటు కిందికి పోనిచ్చి లేబుల్ చూశాడు.

"మేడమ్, ఈ కార్ల సీట్లు ఇంత బాగా నిలబడటం నేనెక్కడా చూడలేదు. అన్నీ అసలువే" అన్నాడు. కాగితం మీద రాసుకున్నాడు.

నేను మార్జీ వంక చూశాను. ఆమె జడ్జి కాగితం వంక చూస్తోంది.

నిజం చెప్పాలంటే మొదట నాకు గర్వంగా అనిపించింది. ఇరవై ఏళ్లుగా ఇవే కార్లు చూస్తున్న మనిషి నా కుట్టుకీ యాభై ఏళ్ల నాటి కుట్టుకీ తేడా కనిపెట్టలేకపోయాడు. మా నాన్న ఉంటే ఎగిరి గంతేసేవాడు. ఆ సంతోషం రెండు నిమిషాలుంది. తర్వాత ఇంకోటి అర్థమైంది. ఆ కాగితం ప్రకారం నేను ఏమీ కుట్టలేదు. ఆ లేబుల్‌ని తిరిగి కుట్టింది కూడా నేనే.

మార్జీని నిమ్మరసం బల్ల వెనక్కి తీసుకెళ్లాను. "ఆయనకి చెప్పాలి" అన్నాను.

"రెండు సీట్లు ఉమా. మిగతా బండంతా అసలుదే."

"మరి ఆ రెండు సీట్లు ఎవరివి?"

ఆమె మొహం ఎర్రబడింది. "ఈ ఊరి వీధిలో నన్ను చూసి నవ్వారు. ఇదే ఊళ్లో నాకు ఆ బహుమతి ఇస్తారు ఇవాళ. అది నీకు చిన్న విషయం కావచ్చు."

"నాకు చిన్న విషయం కాదు. ఆ సీట్లు కూడా నాకు చిన్న విషయం కాదు" అన్నాను. నాకంటే పెద్దావిడతో, అందులోనూ నన్ను నమ్మి ఇంతదూరం తీసుకొచ్చిన మనిషితో అలా మాట్లాడాల్సొస్తుందని అనుకోలేదు. "మీరు చెప్పకపోతే నేను చెప్పను. కారు మీది. కానీ ఆయన మళ్లీ సీట్లు మెచ్చుకుంటే పక్కన నిలబడలేను."

మార్జీ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నేను చర్చి బల్ల దగ్గర గంటసేపు కూర్చున్నాను. తిరిగి ఎలా వెళ్లాలి, దగ్గర్లో బస్సుందా అని ఫోన్‌లో వెతికాను కూడా.

తల ఎత్తేసరికి మార్జీ వస్తోంది. పక్కన జడ్జి. నా ముందు ఆగి, "అడగండి. ఈ అమ్మాయే కుట్టింది" అంది.

జడ్జి నన్ను చూశాడు. కారు దగ్గరికి మళ్లీ వెళ్లాడు. ఈసారి కళ్లద్దాలు మార్చుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. గుడ్డ ఎక్కడిదని అడిగాడు, దారం ఎక్కడిదని అడిగాడు. చెప్పాను. మూతపడిన ఒక పాత షాపు గిడ్డంగిలో ఆ కాలపు రెగ్జిన్ చుట్ట దొరికిన సంగతీ చెప్పాను. లేచి, ప్యాంటుకి అంటిన గడ్డి దులుపుకుంటూ, "తప్పు నాది. కానీ ఈ తప్పుకి నేనేం సిగ్గుపడను" అన్నాడు. తర్వాత మార్జీతో, "బండిని అవతలి వరసకి మార్చాలి మేడమ్. నలుగురు కుర్రాళ్లని పిలిచి తోయించనా?"

"నా బండిని ఎవరూ తొయ్యక్కర్లేదు" అంది మార్జీ.

అవతలి వరస

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని నావైపు తలుపు తీసి, "ఎక్కు" అంది. నేను కుట్టిన సీట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి. తాళం తిప్పగానే సీటు కింద నేల కదిలినట్టయింది. మైదానంలో ఉన్న జనమంతా ఇటు తిరిగారు. ఒక వరస నుంచి ఇంకో వరసకి ఇరవై గజాలుంటుంది. బహుమతి వరసలోంచి కారు ఎందుకు బయటికొస్తోందో అందరికీ తెలిసిపోతుంది. మార్జీ తల వంచుకోలేదు. అరవైమంది పిల్లల్ని దించేంత జాగ్రత్తగా, మెల్లిగా నడిపింది.

ఆపాక స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి, "నెలలో తిరిగి ఇస్తుందని పందెం కాసినవాళ్ల కోసం అబద్ధం చెప్పబోయాను. చచ్చిపోయినవాళ్ల కోసం" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

రెండో వరసలో మా కారుకి ఏ బహుమతీ రాలేదు. అక్కడ బోల్టు బోల్టూ మెరిపించిన కార్లున్నాయి. అది న్యాయమే.

మధ్యాహ్నం ఒక ముసలావిడ వాకర్ మీద నెమ్మదిగా వచ్చింది. పేరు ఐలీన్. ఎనభై ఎనిమిదేళ్లు. రెండు వీధుల అవతలే ఇల్లు. ఆ కార్ల సీట్లు కుట్టిన షాపులో పనిచేసిన ముగ్గురాడవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. ఎవరో నన్ను చూపించారు. ఆమె పలకరింపు కూడా లేకుండా పక్క సీట్లో కూర్చుని, ఒంగి గుడ్డని వాసన చూసింది.

"టీయా?"

"టీ" అన్నాను, దొంగతనం బయటపడ్డట్టు.

"మేమైతే కాఫీ వాడేవాళ్లం. మరకలు దాచడానికి" అంది. వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరిగిపోయాయి. ఆ వేళ్లతోనే అంచు వెంట తడుముకుంటూ పోయి మూల దగ్గర ఆగింది. "ఇక్కడ గట్టిగా లాగావు. రెండేళ్లలో ముడత పడుతుంది. మూల తిప్పేముందు సూది కిందికి దించి, మిషన్ పాదం ఎత్తి, గుడ్డకి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోనివ్వాలి."

మా నాన్న ఇదేమాట ఇంచుమించు ఇలాగే చెప్పేవాడు. నేనే తొందరలో మర్చిపోయాను. సరేనన్నాను. అప్పుడు మూడు వారాల నా సందేహం అడిగాను. అటు పదకొండు పట్టీలు, ఇటు పదెందుకు?

ఆమె పట్టీలు వేలితో లెక్కపెట్టింది. "శుక్రవారం" అంది.

"అంటే?"

"శుక్రవారం సాయంత్రానికి గుడ్డ చాలేది కాదు. ఒకటి తగ్గించి కుట్టమన్నాడు మా యజమాని. ఎవరు లెక్కపెడతారు అన్నాడు."

నేను, మార్జీ మొహమొహాలు చూసుకున్నాం. ముందు ఐలీన్ నవ్వింది, తర్వాత మేమిద్దరం. అలా నవ్వుతుంటే నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక రైతు, మిన్నెసోటా దంపతులు, ఇంకొకాయన మా చుట్టూ చేరారు. వాళ్ల కార్ల సీట్లు ఎలా ఉన్నాయో ఫోన్లలో చూపించారు. ఒకరి సీటుకి పాత దుప్పటి కప్పి ఉంది. నెబ్రాస్కా ఆయన నా విజిటింగ్ కార్డు అడిగాడు. నా దగ్గర కార్డేముంది? మార్జీ ఆపిల్ పై అమ్మే బల్ల దగ్గర్నుంచి కాగితం ప్లేట్లు తెచ్చి, ఒక్కో ప్లేటు మీద నా పేరు, ఫోన్ నంబరు పెద్దక్షరాలతో రాసి, తనే పంచిపెట్టింది.

ఇంటికొచ్చాక

తిరుగు ప్రయాణం రెండు రోజుల్లో అయిపోయింది. దారంతా మార్జీ వేన్‌తో ఫోన్‌లో స్పీకర్ పెట్టి మాట్లాడింది. బహుమతి సంగతి అతను పూర్తిగా విన్నాడు. తర్వాత, "ఆపిల్ పై ఎలా ఉంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఆమె పగలబడి నవ్విన నవ్వు ఇండియానాలో మొదలై కెంటకీ సరిహద్దు దాకా మధ్యమధ్యలో వస్తూనే ఉంది.

నెబ్రాస్కా నుంచి రెండు అట్టపెట్టెల్లో సీట్లు పోయిన శనివారం వచ్చాయి. మిన్నెసోటా వాళ్లు దీపావళి తర్వాత పంపిస్తామన్నారు, వాళ్ల భాషలో నవంబరు అని. గరాజ్‌లో చోటు చాలక ప్రసాద్ కారు బయటికెళ్లింది. ఆదివారం పొద్దున నేను కాఫీ కలిపి తీసుకెళ్లేసరికి ప్రసాద్ గరాజ్ నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆఫీసులో సర్వర్లు చూసుకునే మనిషి, ఒళ్లో తుప్పుపట్టిన చట్రం పెట్టుకుని, ప్లయరుతో పాత రింగులు ఒక్కొక్కటీ లాగుతున్నాడు. చెయ్యి రెండుచోట్ల గీరుకుపోయింది. పక్కన కాగితం మీద ఊడదీసినవి వరసగా పేర్చి పెట్టాడు.

కాఫీ అందుకోకుండానే తలెత్తి, "ఈ వైపు అయిపోయింది. తర్వాత ఏది ఊడదీయాలి?" అన్నాడు.

పక్కన కూర్చుని చూపించాను.